ఆఖరి పీరియడు

(ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారి ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రధానోపాధ్యాయులు గారికి, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకి, ఊరి పెద్దలకి, తెల్లవారకముందే వచ్చి షామియానా కట్టిన కుర్రాళ్ళకి, రాత్రి నుంచి కూరలు తరుగుతున్న వంటవాళ్ళకి, హైదరాబాదు, బెంగళూరు, విశాఖపట్నం నుంచి బస్సులూ రైళ్ళూ పట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. మన మధ్య లేని సోషల్ మాస్టారిని, తెలుగు పండితులు గారిని ఒకసారి తలుచుకుందాం. వాళ్ళుంటే నాకన్నా బాగా మాట్లాడేవారు.

నన్ను ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకుని వచ్చాను, కాగితాలు జేబులోనే ఉన్నాయి. కానీ మిమ్మల్ని చూశాక అవి తీయబుద్ధి కావడం లేదు. ఏడాదిన్నర కిందట మీ బ్యాచి కుర్రాడే ఒకడు నాతో ఒక మాటన్నాడు. నేను రిటైరై ఇన్నేళ్ళయినా అంత బాధపెట్టిన మాట ఇంకొకటి లేదు. ఆ మాటే మీకు చెప్పి కూర్చుంటాను.

వాడి పేరు చెప్పను. మీలో చాలామందికి తెలిసిపోతుంది, తెలిసినా బయటికి అనకండి. మన ఖోఖో జట్టులో ఉండేవాడు. ఆట గుర్తుందా? మధ్య గీత మీద ఎనిమిది మంది, ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. వీడిది నాలుగో గడి. వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే వీడు లేవడం కంటికి కనపడేది కాదు. ఇప్పుడే కూర్చుని ఉండేవాడు, రెప్ప వేసేసరికి గీత చివర పోలు దగ్గర ఉండేవాడు. తొమ్మిది నిమిషాల టర్నులో ఎన్నిసార్లు కూర్చునేవాడో, ఎన్నిసార్లు లేచేవాడో. అరికాళ్ళు రెండూ నేలకి పూర్తిగా ఆనించి కూర్చునేవాడు, మడమ లేచేది కాదు. కొత్త పిల్లలకి వాడి పాదాలు చూపించి నేర్పేవాణ్ణి.

ఏడాదిన్నర కిందట వాళ్ళ నాన్నగారు పోయారు. పెద్దకర్మకి నేనూ వెళ్ళాను. పెరట్లో పందిరి వేశారు, పీట వేశారు. వీడు పంచె కట్టుకుని, వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని వచ్చాడు. కూర్చోబోయాడు. సగం దాకా వంగి ఆగిపోయాడు. స్తంభం పట్టుకున్నాడు. మళ్ళీ వంగాడు. కుడికాలు మడత పడటం లేదు. నొప్పికి ముఖం ఎర్రబడింది. పంతులుగారు మంచివారు, ‘పర్వాలేదు బాబూ, కుర్చీ వేయించుకోండి’ అన్నారు. ఎవరో లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు.

కుర్చీలో కూర్చుని చేశాడు. తీరా పిండం పెట్టే సమయానికి ఎంత వంగినా విస్తరి అందలేదు. పక్కన కూర్చున్న బాబాయి కొడుకు చెయ్యి చాపాడు. వీడు తన చేతిలోని పిండాన్ని వాడి చేతిలో పెడితే, వాడు విస్తరిలో పెట్టాడు. వీడి కళ్ళమ్మట నీళ్ళు. అక్కడున్న వాళ్ళంతా తండ్రి కోసం అనుకున్నారు. తండ్రి కోసమూ ఏడ్చి ఉంటాడు.

వాళ్ళ పెదనాన్నగారికి అప్పటికి 78 ఏళ్ళు. నిన్నమొన్నటి దాకా పొలం చేసిన మనిషి. రెండు గంటలు మఠం వేసుకుని నేల మీద కూర్చున్నారు. అంతా అయ్యాక ఎక్కడా చెయ్యి ఆనించకుండా లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆ కుర్రాడు అరుగు మీద నా పక్కన చేరి అన్నాడు. ‘మాస్టారూ, నాకు ముసలితనం వచ్చేసిందండి.’

ముప్పై తొమ్మిదేళ్ళు. ప్రమాదమేదీ జరగలేదు, పెద్ద జబ్బేదీ చెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళుగా కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేస్తున్నాడు, అంతే.

మీరందరూ ఒక్క నిమిషం నా మాట వినండి. ఈ ఏడాదిలో నడుం నొప్పికో, మెడ నొప్పికో, మోకాలి నొప్పికో మాత్ర వేసుకున్నవాళ్ళు చేతులెత్తండి. మొహమాటపడకండి, ఇది క్లాసు కాదు, బెంచీ ఎక్కించను. ఎత్తండి... చాలు, దించండి. ఇటు మా రిటైరైన మాస్టార్ల వరసలో కన్నా అటు మీ వరసల్లోనే ఎక్కువ చేతులు లేచాయి. మీ పక్కవాళ్ళను చూసుకున్నారా?

అమెరికాలో డల్లాస్ అనే ఊళ్ళో 1966లో ఒక ప్రయోగం చేశారు. 20 ఏళ్ళ కుర్రాళ్ళను ఐదుగురిని తీసుకుని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ఆ తర్వాత వాళ్ళ గుండె, ఊపిరి ఎంత పనికి తట్టుకుంటున్నాయో కొలిచారు. బాగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని, యాభయ్యో పడిలో, మళ్ళీ పిలిచి కొలిచారు. ముప్పై ఏళ్ళలో వయసు తీసుకుపోయిన శక్తి కన్నా, ఇరవయ్యో ఏట ఆ మూడు వారాల మంచం తీసుకుపోయినదే ఎక్కువని తేలింది. నాకు తెలిసిన డాక్టరుగారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు పందిట్లో ఆ పీట కనపడింది. వీడి కుర్చీ మంచమంత చెడ్డది కాకపోవచ్చు. కానీ మంచం మూడు వారాలు, కుర్చీ పద్దెనిమిదేళ్ళు.

లండన్‌లో కూడా ఇలాంటిదే తేల్చారు, 1953లో. అప్పట్లో అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్లు రోజంతా కూర్చునేవారు, కండక్టర్లు రోజంతా మెట్లెక్కి దిగేవారు. అదే బస్సు, అదే రోడ్డు. గుండెజబ్బులు కండక్టర్లకి తక్కువ, డ్రైవర్లకి ఎక్కువ.

కండరం అంటే బరువులెత్తేవాళ్ళకే అనుకుంటారు. మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా పుచ్చుకునేది కండరాలే. వాటిని వాడటం మానేస్తే అవి చిక్కిపోతాయి, చక్కెరని సరిగ్గా పుచ్చుకోవు. ముప్పై దాటాక ఎవరికైనా కండ కొద్దికొద్దిగా తగ్గుతుంది. మనం కూర్చుండిపోతే ఇంకా త్వరగా తగ్గుతుంది. షుగర్, బీపీ పెద్దవాళ్ళ జబ్బులని మా రోజుల్లో అనేవాళ్ళం. ఇప్పుడు మీ పిల్లల స్కూలు ఫీజుతో పాటు మీ మాత్రల ఖర్చు కూడా రాసుకుంటున్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, దాని అంచున ఉన్నవాళ్ళు 13 కోట్ల పైచిలుకు.

ఇంకో లెక్క. సరిపడా ఒళ్ళు కదపని పెద్దవాళ్ళు మన దేశంలో 2000 సంవత్సరంలో వందకి 22 మంది. 2022 నాటికి దాదాపు సగం మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ లెక్క ఇది. 2000 అంటే మీరు పదో తరగతిలో ఉన్న ఏడు. ఆ లెక్క పెరిగినన్నాళ్ళూ మీరూ పెరిగారు.

2000 అనగానే నాకు ఇంకోటి గుర్తొస్తుంది, చెప్పకుండా ఉండలేను. ఆ సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్. మన శ్రీకాకుళం జిల్లా పిల్ల, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. ఆ మర్నాడు ప్రార్థన అయ్యాక మిమ్మల్నందరినీ ఎండలో నిలబెట్టి పేపరు చదివి వినిపించాను. ఆడపిల్లలు నీళ్ళ బిందెలు పైకెత్తి పోటీలు పడ్డారు. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి కథ కూడా ఆ రోజే చెప్పాను, ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశారని. ఆ గాలి, ఆ నేల మనవి. అలాంటి జిల్లాలో పుట్టిన పిల్లాడు పీట మీద కూర్చోలేకపోయాడు.

ఎందుకు కూర్చోలేకపోయాడు? అరుగు మీద వాడు ఆ మాట అన్న దగ్గర్నుంచి నాకూ అదే ఆలోచన. ఆఫీసు అంటాం, ఫోను అంటాం, బయటి తిండి అంటాం. అన్నీ నిజమే. వాడి రోజు నాకు చెప్పాడు. పదింటికి కుర్చీలో కూర్చుంటే ఎనిమిదింటికి లేస్తాడు. ట్రాఫిక్‌లో గంటన్నర. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళతో కాల్, ఒంటిగంటకి నిద్ర. పొద్దున ఏడింటికి పిల్ల స్కూలు బస్సు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి, కారులోంచి సోఫాలోకి. వాళ్ళింట్లో నేల తుడవడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు. తినడం టేబుల్ మీద, చదవడం టేబుల్ మీద, ఆఖరికి దేవుడికి దణ్ణం కూడా నిలబడే. టాయిలెట్ సంగతి మీకు తెలిసిందే. గొంతుక్కూర్చునే అవసరం రోజులో ఒక్కసారి కూడా రాదు. తలుపు బందు ఏళ్ళ తరబడి తీయకపోతే తుప్పు పట్టినట్టే కీలూనూ.

కానీ ఇదంతా తర్వాతి సంగతి. అసలు మొదలు ఈ స్కూల్లో పడింది. ఆ మొదలు నా చేతుల మీదుగా పడింది.

మీకు రోజూ ఆఖరి పీరియడు ఆటలు. అవునా? సంక్రాంతి సెలవుల దాకానే. సెలవులయ్యాక మీరు స్కూలుకొచ్చేసరికి టైంటేబుల్ మారిపోయేది. పబ్లిక్ పరీక్షలు కదా, ఆ పీరియడు లెక్కలకి, సైన్సుకి ఇచ్చేసేవాళ్ళం. ఇచ్చినట్టు రిజిస్టర్లో సంతకం నాది. మొదటి ఏడాది జనవరి నుంచి ఇచ్చాను. రెండో ఏడాది దసరా నుంచి. తర్వాత తర్వాత పదో తరగతికి ఆటల పీరియడన్నదే లేకుండా పోయింది. నేను ఒక్కసారి కూడా ‘ఇవ్వను’ అనలేదు. రిజల్ట్ బాగా రావాలని నాకూ ఉండేది. లెక్కల మాస్టారిది తప్పు కాదు, ఆయన పిల్లల మంచి కోసమే అడిగారు. వద్దని చెప్పాల్సింది నేను. ఆ పీరియడు కాపాడటానికే నన్ను ఈ స్కూల్లో వేశారు.

అక్కడి నుంచి మీరు ఇంటర్‌కి వెళ్ళారు. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో కాలేజీ, అందులోనే హాస్టలు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. గ్రౌండు అన్న మాటే లేదు. ఈ కుర్రాడు ఖోఖో మానేసింది అక్కడే. పదహారేళ్ళ పిల్లల్ని రెండేళ్ళు కుర్చీకి కట్టేశాం, మార్కులొచ్చాయని పేపర్లో ఫొటోలు వేసుకున్నాం. ఐదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. రాసిందాన్ని చదివేవాడెవడు? ఎముక గట్టిపడేది కూడా ఆ వయసులోనే. ముప్పై లోపు ఎంత కూడబెట్టుకుంటే అదే ఆస్తి, తర్వాత ఖర్చే.

ఆడపిల్లలూ, మీకో మాట. మీరు ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నారు. పదో తరగతి అవుతూనే మీ ఆట ఆగిపోయింది, పెళ్ళితో నడక కూడా ఆగిపోయింది. ‘రోజంతా ఇంటిపనే కదా మాస్టారూ, ఇంకా వ్యాయామమెందుకు’ అని పొద్దున ఒకమ్మాయి అడిగింది. అమ్మా, అది చాకిరీ. ఒళ్ళు అలుస్తుంది గానీ ఊపిరి అంతగా పెరగదు. రోజుకో అరగంట నీ కోసం నువ్వు నడువు. మగపిల్లలూ, ఆ అరగంట అన్నం కుక్కరు మీరు పెట్టండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

ఆ డల్లాస్ కుర్రాళ్ళ సంగతి సగమే చెప్పాను. యాభయ్యో ఏట వాళ్ళచేత ఆరు నెలలు నడిపించారు, పరిగెత్తించారు, సైకిలు తొక్కించారు. ముప్పై ఏళ్ళలో పోయిన ఊపిరి తిరిగొచ్చింది. మంచం ఎక్కకముందు, ఇరవయ్యో ఏట, ఎంత ఉండేదో అంతకి వచ్చింది. అరుగు మీద ఆ రోజు నాకీ సంగతి తెలియదు, తెలిసుంటే వాడికి అక్కడే చెప్పేవాణ్ణి. తెలిసిన రోజునే ఫోన్ చేశాను.

వాడు మొదలుపెట్టాడు. ముందు డాక్టరుకి చూపించుకోమన్నాను, మీకూ అదే చెబుతున్నాను. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళు ఆవేశపడి పరుగులు తీయకండి. వాడికి షుగర్ అంచున ఉందన్నారు. ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. సోఫా ముందు చాప వేసుకుని, మొదట ఎత్తు పీట, తర్వాత దిండు, తర్వాత ఉత్త చాప. రాత్రి అన్నం నేల మీదే. కూతురు కూడా పక్కన చేరిందట. ఇంకా పూర్తిగా గొంతుక్కూర్చోలేడు, మడమలు లేస్తున్నాయి. కానీ పోయినేడు నాన్నగారి సంవత్సరీకానికి పీట మీద కూర్చున్నాడు. పిండం తన చేత్తోనే పెట్టాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే చెప్పి పెట్టేశాడు.

ప్రధానోపాధ్యాయులు గారూ, మిమ్మల్ని అందరి ముందూ ఒకటి కోరుతున్నాను. ఇక్కడ ఇప్పుడు చదివే పిల్లల ఆఖరి పీరియడు ఎవరికీ ఇవ్వకండి. మార్చిలో కూడా ఇవ్వకండి. అవసరమైతే ఈ బ్యాచి వాళ్ళంతా సంతకాలు పెట్టి కాగితం ఇస్తారు. ఇస్తారా? గట్టిగా చెప్పండి... విన్నారు కదండీ.

మధ్యాహ్నం భోజనాలు బంతిలో, నేల మీద. చాపలు పరిపించాను. కూర్చోలేని వాళ్ళ కోసం గోడ వారగా కుర్చీలున్నాయి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. గ్రౌండు సగం పోయింది, మీరు చూసే ఉంటారు, అటు బిల్డింగు లేచింది. మిగిలిన సగంలో చిన్నదైనా ఖోఖో కోర్టు పడుతుందేమోనని పొద్దున నేనే టేపు పట్టి కొలిచాను. పట్టింది. ముగ్గుతో గీతలు గీయించాను. నాలుగింటికి ఎండ తగ్గుతుంది, విజిల్ వేస్తాను. ఎనిమిది గళ్ళలో ఏడు గళ్ళకి ఎవరైనా రండి. నాలుగో గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ఒరే, మూడో వరసలో తల దించుకున్నావు చూడు, మడమలు లేచినా ఫర్వాలేదు, నువ్వొచ్చి కూర్చో.