విశాఖ ఇంటి ట్యాంకులోకి కొత్త క్లౌన్‌ఫిష్: మొదటి గంట, మొదటి వారం

(దృశ్యం: గాజు ట్యాంకు. నీటి మీద తేలుతున్న పాలిథిన్ సంచి. లోపల చిన్న నారింజ రంగు చేప.)

నమస్కారం. ఈ సంచిలో ఉన్నది ఓసెల్లారిస్ జాతి క్లౌన్‌ఫిష్ పిల్ల. నా బొటనవేలంత పొడవు కూడా లేదు. ఒంటి మీద మూడు తెల్లని పట్టీలు, ఒక్కో పట్టీ అంచున పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తాయి. ప్రస్తుతం అది సంచి మూలకు చేరి, మొప్పలు వేగంగా ఆడిస్తోంది. దుకాణం నీటి నుంచి మన ఇంటి నీటికి అది మారే ఈ గంటలో మనం చూపే శ్రద్ధ మీద దాని ఆరోగ్యం ఎంతో ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ గంటనూ, తర్వాతి వారాన్నీ ఈ వీడియోలో చూద్దాం.

(దృశ్యం: ఉదయం వేళ ఆర్కే బీచ్. దూరంగా పడవలు.)

విశాఖలో ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎదురుగా సముద్రం ఉండగా ఉప్పు కొనడం ఎందుకు?" దయచేసి ఒడ్డు నుంచి బిందెతో నీళ్లు తెచ్చి ట్యాంకులో పోయకండి. ఓడరేవు, ఫిషింగ్ హార్బర్ ఉన్న నగరం మనది. పడవల నూనె, కాలువల్లో వచ్చే మురుగు ఒడ్డు నీటిలో కలుస్తూ ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వంటి నదులు బంగాళాఖాతంలోకి మంచినీటిని తెచ్చి పోస్తాయి కాబట్టి, వానాకాలంలోనూ ఆ తర్వాతా ఇక్కడి పైనీటి ఉప్పదనం తగ్గిపోతుంది. క్లౌన్‌ఫిష్ పుట్టిల్లు పగడపు దిబ్బలు. అక్కడ ఉప్పదనం ఏడాది పొడవునా పెద్దగా మారదు.

అందుకే ఆర్వో నీటిలో అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్ట్ కలిపి, ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంతో చూసుకోవాలి. సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర, అంటే వెయ్యి పాళ్ల నీటిలో సుమారు 35 పాళ్ల ఉప్పు ఉండాలి. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు, అందులో సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు. చేపను తెచ్చే ముందే ట్యాంకును నాలుగు నుంచి ఆరు వారాలు నడిపి, చేప వ్యర్థాల నుంచి వచ్చే విషపదార్థాలైన అమోనియానూ నైట్రైట్‌నూ మార్చే బ్యాక్టీరియా లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే, సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాయి) మీద, ఫిల్టర్‌లో స్థిరపడేలా చూసుకోవాలి. టెస్ట్ కిట్‌లో ఆ రెండూ సున్నా చూపించేదాకా చేపను కొనవద్దు.

(దృశ్యం: లైటు ఆర్పిన ట్యాంకు. సంచి మూతి ఇంకా కట్టే ఉంది.)

ఇప్పుడు సంచి దగ్గరకు వద్దాం. ట్యాంకు లైటు ఆర్పేసి, సంచిని మూతి విప్పకుండా పదిహేను, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిస్తే లోపలి వేడి, ట్యాంకు వేడి సమానమవుతాయి. మూతి వెంటనే ఎందుకు విప్పకూడదో వివరంగా చెప్పాలి. సంచిలో చేప విసర్జించే అమోనియా పేరుకుంటుంది, అదే సమయంలో దాని శ్వాస నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుని నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను, తగ్గిస్తుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమోనియం రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అమోనియం మళ్లీ విషపూరితమైన అమోనియాగా మారుతుంది. కాబట్టి కట్టి ఉన్నప్పుడు తొందర వద్దు, విప్పాక ఆలస్యం వద్దు.

(దృశ్యం: ట్యాంకు నుంచి బకెట్‌లోకి సన్నని గొట్టం. దగ్గరి షాట్‌లో గొట్టానికి వేసిన ముడి, దాని చివర చినుకు.)

చేపను నీటితో సహా శుభ్రమైన బకెట్‌లోకి మార్చి, ట్యాంకు నీటిని ఎయిర్ పంప్ గొట్టం ద్వారా చుక్కలుగా వదలండి. గొట్టానికి వదులుగా ఒక ముడి వేసి, దాన్ని బిగిస్తూ సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా సరిచూసుకోవచ్చు. బకెట్‌లో నీళ్లు రెట్టింపు కావడానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. దుకాణాల్లో ఉప్పదనం కొంత తక్కువగా ఉంచడం మామూలే. తక్కువ ఉప్పు నుంచి ఎక్కువ ఉప్పుకు ఒక్కసారిగా మారడం చేప శరీరానికి చాలా కష్టం కాబట్టి, బకెట్ నీటినీ రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి. వేరే ఊరి నుంచి పార్సిల్‌లో రాత్రంతా ప్రయాణించి వచ్చిన చేపకు మాత్రం ఈ పద్ధతి మంచిది కాదు, ఆ సంచిలో అమోనియా అప్పటికే ఎక్కువగా పేరుకుని ఉంటుంది. అమ్మినవారి ట్యాంకు ఉప్పదనాన్ని ముందే అడిగి, విడి ట్యాంకును అదే కొలతకు సిద్ధం చేసి, చేపను త్వరగా అందులోకి మార్చాలి.

చివరగా చేపను చిన్న గిన్నెతో తీసి వదలండి. దుకాణం నీటిని మాత్రం ట్యాంకులో పోయకూడదు. ట్యాంకులో ఇప్పటికే ఇతర చేపలు ఉంటే, కొత్తదాన్ని స్పాంజ్ ఫిల్టర్ ఉన్న వేరే ట్యాంకులో నాలుగు వారాలు ఉంచడం ఉత్తమం. నా మొదటి ట్యాంకులో ఈ జాగ్రత్త పాటించలేదు. కొత్త చేప ఒంటి మీద తెల్లని జిగురు పొర కనిపించిన నాలుగు రోజులకే మూడు చేపలు చనిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. క్లౌన్‌ఫిష్‌లలో తరచుగా కనిపించే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి లక్షణాలు కూడా ఇవే. సముద్రంలో పట్టిన చేపల్లో దీని ప్రమాదం ఎక్కువ కనుక, హేచరీలో పుట్టిన పిల్లలనే అడిగి కొనండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచే విధానాలను రూపొందించింది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఒకటి మన విశాఖలోనూ ఉంది.

(దృశ్యం: మొదటి రాత్రి. మసక వెలుగులో చేప పక్కకు ఒరిగి ఉంది.)

మొదటి రెండు రోజులు చేప తినకపోవచ్చు, ఒక మూలనే తిరుగుతూ ఉండవచ్చు, రాత్రి పక్కకు ఒరిగి పడుకోవచ్చు. ఒళ్లంతా ఊపుతూ ఈదడం దాని సహజ నడక. వీటికి కంగారుపడవద్దు. మొప్పలు రెండో రోజుకూ అదే వేగంతో ఆడుతూ ఉంటే మాత్రం అమోనియా పరీక్ష చేయాలి. మూడో రోజు, గడ్డకట్టించి అమ్మే మైసిస్ అనే చిన్న రొయ్యలను మంచు కరిగించి రెండు మూడు వేసి చూడండి, మిగిలినవి తీసేయండి. సముద్రంలో క్లౌన్‌ఫిష్ ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే సీ అనెమొనీ అనే జీవిని కొనాల్సిన అవసరం లేదు. దానికి బలమైన వెలుతురు, నెలల తరబడి కుదురుకున్న ట్యాంకు కావాలి, అది లేకుండానే క్లౌన్‌ఫిష్ హాయిగా బతుకుతుంది.

మన ఊరి ఎండాకాలం గురించి ఒక మాట చెప్పాలి. నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీద ఫ్యాన్ పెడితే కొంత చల్లబడుతుంది కానీ, సముద్రపు గాలిలోని తేమ వల్ల ఇక్కడ ఆ చల్లదనం పరిమితమే. పైగా నీరే ఆవిరవుతుంది, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ కూడా ఇంట్లో ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరంలో ఎన్నో ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు.

(దృశ్యం: తొమ్మిదో రోజు. ఫిల్టర్ గొట్టం పక్కన చేప.)

ఇది తొమ్మిదో రోజు. ఫిల్టర్ గొట్టానికీ వెనుక గాజుకూ మధ్యనున్న ఈ సందును అది తన చోటుగా ఎంచుకుంది. చెయ్యి పెడితే నా వేలి మీదికి దూసుకువస్తోంది. ఈ వారం నీళ్లు మార్చేటప్పుడు ఆ గొట్టాన్ని నేను కదపలేదు.