పిత్తనాళంలో రాయి పడితే

శ్రోతలకు నమస్కారం.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ల గురించి చాలామంది వినే ఉంటారు. వాటిలో ఒకటి జారి పిత్తనాళంలో పడితే మాత్రం సంగతి వేరు. కాలేయం నుంచి పైత్యరసాన్ని చిన్నపేగుకు చేర్చే గొట్టమది. వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపే. దానికి రాయి అడ్డం పడిందా, పైత్యరసం పేగుకు పోలేక రక్తంలోకి ఎక్కుతుంది.

చంద్రగిరి దగ్గర పల్లెలో 50 ఏళ్ల ఒకామె ఉందనుకుందాం. పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి కుడి డొక్క కింద నొప్పి పట్టుకుంది. వీపుకూ కుడి భుజానికీ పాకింది. గ్యాసేలే అని మాత్ర మింగింది. రెండ్రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. మలం పాలిపోయింది, ఒళ్లంతా దురద. ఇంట్లోవాళ్లు కామెర్లకు పసరు మందు పోయిద్దామన్నారు.

బాధ కలిగేది ఇక్కడే. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకొస్తుంది. నాళంలో ఇరుక్కున్న రాయిని ఏ పసరూ కదపలేదు.

నాలుగో రోజు ఆమెకు వణుకుతో జ్వరమొచ్చింది. నిలిచిపోయిన పైత్యరసంలో ఇన్ఫెక్షన్ పుట్టిందన్నమాట. నొప్పి, కామెర్లు, చలిజ్వరం. ఈ మూడూ కలిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. మళ్లీ చెబుతున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. బీపీ పడిపోయి, మనిషి తికమకగా మాట్లాడే స్థితికొస్తే ప్రాణాపాయమే. తిరుపతి స్విమ్స్ లాంటి, జీర్ణకోశ విభాగం ఉన్న ఆస్పత్రికి నేరుగా తీసుకెళ్లండి.

రక్తపరీక్షలో, కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్, నాళం అడ్డుపడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటాయి. ఆమె అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లు కనిపించాయి, నాళం 11 మిల్లీమీటర్లకు ఉబ్బింది, రాయి మాత్రం కనపడలేదు. అలాగని రాయి లేదనుకోకూడదు. నాళం కింది కొసను పేగులోని గ్యాస్ కమ్మేస్తుంది. అందుకే అనుమానముంటే పిత్తనాళాన్ని చూపే ఎంఆర్‌ఐ, అంటే ఎంఆర్‌సీపీ స్కాన్ గానీ, ఎండోస్కోపీతో లోపలినుంచి చేసే అల్ట్రాసౌండ్ గానీ చేస్తారు. ఇన్ఫెక్షన్ ముదిరితే యాంటీబయాటిక్ ఎక్కించి, ముందు నాళానికి దారి చేస్తారు.

ఆ పనే ఈఆర్‌సీపీ. కనీసం 6 గంటలు ఏమీ తినకూడదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మత్తిచ్చి, పక్కకు చూసే కెమెరా ఉన్న గొట్టాన్ని నోట్లోంచి చిన్నపేగు దాకా దించుతారు. నాళం మూతిలోకి సన్నటి తీగ పంపి, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో రాయిని చూస్తారు. కరెంటు తీగతో మూతిని కొద్దిగా కోసి, బెలూన్‌ను రాయి దాటించి, ఉబ్బించి కిందికి లాగుతారు. రాయి ఏదీ, చూపించరా అని బంధువులు అడుగుతుంటారు. దాన్ని పేగులోనే వదిలేస్తారు, మలంతో పోతుంది.

కొందరికి దీని తర్వాత క్లోమం వాస్తుంది. ఆ ముప్పు తగ్గించడానికే మలద్వారంలో 100 మిల్లీగ్రాముల ఇండోమెథాసిన్ పెడతారు. ఇంటికొచ్చాక గట్టి కడుపునొప్పి, జ్వరం, నల్లటి విరేచనం ఏది కనబడినా వెంటనే వెనక్కి రండి.

నాళం శుభ్రమైందని ఊరుకుంటే గాల్‌బ్లాడర్‌లోని మిగతా రాళ్లు మళ్లీ జారతాయి. ఒంటికి తట్టుకునే శక్తి ఉంటే, రెండు వారాల్లోపే ఆపరేషన్‌తో గాల్‌బ్లాడర్‌నే తీయించుకోవడం మేలు.

ఇక స్టెంట్. అంటే నాళం మూసుకుపోకుండా లోపల ఉంచే సన్నటి గొట్టం. రాయి పెద్దదై ఒక్కసారికి రాకపోతే ప్లాస్టిక్ స్టెంట్ పెట్టి పంపుతారు. నొప్పి తగ్గగానే చాలామంది దాన్ని మరిచిపోతారు. మూడు నెలలు దాటితే అది పూడిపోయి, అదే చలిజ్వరం తిరగబెడుతుంది. కాబట్టి డిశ్చార్జి కాగితంలో స్టెంట్ అన్న మాట ఉందేమో చూసుకోండి. ఉంటే, మళ్లీ ఏ తేదీన రావాలో ఆస్పత్రి గడప దాటకముందే డాక్టరు గారిచేత రాయించుకోండి.