సీ స్లగ్‌ని గుర్తుపట్టాలంటే మొప్పలూ, అంచూ చూడండి

స్క్రీన్ మీద ఉన్న ఈ రెండు సీ స్లగ్‌ల ఫోటోలూ చూడండి. రెండూ లేత నీలం. రెండింటి వీపు మీదా నల్ల గీతలు. రెండూ ఒకటే అనిపిస్తోంది కదా? కావు. ఎడమవైపుది క్రోమోడోరిస్ లోకీ, కుడివైపుది క్రోమోడోరిస్ విల్లానీ. కుడివైపు ఫోటోని జూమ్ చేస్తున్నాను. తల మీద రెండు కొమ్ములు, వెనక గుత్తిగా ఉన్న మొప్పలు కనిపిస్తున్నాయా? వాటి మీద పంచదార చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. లోకీకి ఆ చుక్కలుండవు, మొప్పలు సాదాగా ఒకే రంగులో ఉంటాయి. తేడా అంతా అక్కడే ఉంది. వీపు ఎంతసేపు చూసినా అది దొరకదు.

అందరికీ నమస్తే. సీ స్లగ్‌లంటే గుల్ల లేని, లేదా గుల్ల బాగా చిన్నదైపోయిన సముద్రపు నత్తలు. పగడపు దిబ్బల మీద మనల్ని ఆపి చూసేలా చేసే రంగురంగులవి చాలావరకు నూడిబ్రాంక్‌లు. సుమారు 3,000 జాతులున్నాయి. అన్నీ నేర్చుకోవాలని టెన్షన్ పడకండి. ముందు మొప్పలు ఎక్కడున్నాయో చూడండి చాలు.

వీపు చివర గుత్తిగా ఉంటే అది డోరిడ్ అనే గుంపు. గుత్తి బదులు వీపంతా వేళ్ళలాంటి పొడవాటి మొలకలుంటే ఇయోలిడ్ అనే గుంపు. ఇయోలిడ్‌లలో ఎక్కువభాగం హైడ్రాయిడ్‌లు, ఎనిమోన్లు అనే కుట్టే సముద్ర జీవుల్ని తిని, వాటి కుట్టే కణాలని పేలకుండా మింగి, ఆ మొలకల కొసల్లో దాచుకుంటాయి. ఇంకొకరి ఆయుధాన్ని తన ఒంట్లో పెట్టుకుని తిరిగే జీవి ఇది! నాకైతే ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యం తీరదు.

మొప్పలు అసలు కనిపించకపోతే కాస్త ఆగాలి. నలుపు, నీలం, పసుపు బొడిపెలతో ఉండే ఫిల్లీడియా వరికోసా అనే నూడిబ్రాంక్‌కి మొప్పలు కింద, పక్కల్లో ఉంటాయి. దాన్ని పోలిన ఫ్లాట్‌వర్మ్‌లు, అంటే నత్తలు కాని చదునైన పురుగులు, కూడా ఉన్నాయి. అప్పుడు కొమ్ములు చూడండి. ఫిల్లీడియాకి వీపు మీద నుంచి లేచిన రెండు పసుపు కొమ్ములుంటాయి. ఫ్లాట్‌వర్మ్‌కి నిజమైన కొమ్ములుండవు, ముందు అంచే మడతపడి కొమ్ముల్లా కనిపిస్తుంది. ఒళ్ళు కూడా కాగితమంత పల్చన.

ఇక నీలం, నలుపు గీతల క్రోమోడోరిస్‌ల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఇన్ని జాతులు ఒకేలా ఎందుకున్నాయి? ఇవి స్పాంజ్‌లనే సముద్ర జీవుల్ని తింటాయి, స్పాంజ్‌లలోని విషాన్ని దాచుకుంటాయి. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో ఐదు క్రోమోడోరిస్ జాతుల్ని పరీక్షిస్తే, ఐదూ లాట్రంకులిన్-ఏ అనే ఒకే విషాన్ని వీపు అంచులో దాచుకున్నాయని తేలింది. విషం ఒకటే అయినప్పుడు హెచ్చరిక కూడా ఒకటే అయితే అన్నిటికీ లాభం. ఒకదాన్ని కొరికి చేదు చూసిన చేప మిగతావాటి జోలికి కూడా పోదు.

అంచు అన్నాను కదా, అసలు ఆసక్తికరమైన సంగతి అక్కడుంది. తూర్పు ఆస్ట్రేలియాలో గోనియోబ్రాంకస్ స్ప్లెండిడస్ అని ఒకటుంది. తెల్లటి ఒళ్ళు, ఎర్ర మచ్చలు, చుట్టూ పసుపు అంచు. ఎర్ర మచ్చలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి, పసుపు అంచు మాత్రం మారదు. ట్రిగ్గర్‌ఫిష్‌లతో చేసిన ప్రయోగాల ఫలితాలు 2017లో వచ్చాయి. ఆ చేపలు మచ్చల్ని పట్టించుకోలేదు, పసుపు అంచుని గుర్తుపెట్టుకుని తప్పుకున్నాయి. అంటే తినడానికి వచ్చిన చేప కూడా అంచునే నమ్ముతోంది. మనమూ అదే చేద్దాం.

క్రోమోడోరిస్ ఆనే చూడండి. అన్నిటికన్నా బయట నారింజ రంగు, నీలం భాగంలో సన్నటి నల్ల చుక్కలు. క్రోమోడోరిస్ మాగ్నిఫికాలో బయట తెల్ల గీత, దానికి లోపల నారింజ. ఇదే వరస ఎర్ర సముద్రంలో కనిపిస్తే మాత్రం క్రోమోడోరిస్ క్వాడ్రికలర్ అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి ఫోటో ఎక్కడ తీశారో తెలియకుండా పేరు చెప్పమని నన్నడిగితే నేను చెప్పను. పైగా 2018లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన, క్రోమోడోరిస్‌లలో ఒకే జాతి వేర్వేరు రంగుల్లో ఉండగలదని చూపించింది. పాత పుస్తకాల్లో క్రోమోడోరిస్ అని ఉన్న చాలా జాతులు 2012 తర్వాత గోనియోబ్రాంకస్ అనే మరో ప్రజాతిలోకి మారాయి, అది కూడా గుర్తుంచుకోండి.

మన విశాఖకి ఈ కథలో పాత చోటుంది. మొక్కల తెలుగు పేర్లతో 1859లో పుస్తకం వేసిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్, ఇక్కడి తీరంలో సీ స్లగ్‌లు కూడా సేకరించారు. వాటిని ఇంగ్లండ్‌లో ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు పరిశీలించి 1864లో వర్ణించారు. అందులో ఒకదానికి కళింగ ఆర్నాటా అని పేరు పెట్టారు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి బొడిపెలుంటాయి. పగడాల దగ్గర కాదు, ఇసుక నేల మీద ఉంటుంది. ఆ పేరు ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో డైవ్ చేసేవాళ్ళు ఫోటో తీస్తే పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కొమ్ములు దగ్గరగా ఒకటి, మొప్పలు దగ్గరగా ఒకటి తీయండి. అది దేని మీద కూర్చుందో కూడా ఫ్రేమ్‌లో రానివ్వండి, చాలాసార్లు అదే దాని తిండి. ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మొప్పలు లోపలికి లాగేసుకుంటుంది, గుర్తుపట్టడానికి ముఖ్యమైనది కాస్తా దాక్కుంటుంది. ఎక్కడ, ఎంత లోతులో తీశారో రాసి కామెంట్లలో పెట్టండి, కలిసి చూద్దాం.