ఫ్రీ కరెంట్ ఉంటే బిట్‌కాయిన్ మైనింగ్ వర్కవుట్ అవుతుందా?

అందరికీ నమస్తే. మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే, అన్నా మాకు కరెంట్ ఫ్రీ, ఒక మైనింగ్ మెషిన్ కొని పడేస్తే నెలనెలా డబ్బులే కదా అని. మైనింగ్ అంటే బిట్‌కాయిన్ లావాదేవీలని ఖాయం చేసే లెక్కల పోటీలో మెషిన్‌ని పెట్టి, గెలిస్తే కొత్త కాయిన్లు సంపాదించడం. సరే, ఆంట్‌మైనర్ ఎస్21 అనే మైనింగ్ మెషిన్ తీసుకుందాం. స్పీడ్ 200 టెరాహాష్, అంటే సెకనుకి 200 లక్షల కోట్ల లెక్కలు, లాగే కరెంట్ 3500 వాట్లు.

అంటే గంటకి మూడున్నర యూనిట్లు, రోజుకి 84. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకి ఇచ్చేది 200 యూనిట్లు, ఈ మెషిన్ పెడితే రెండున్నర రోజులు తిరగకుండానే అది అయిపోతుంది, 200 దాటితే ఆ నెల జీరో బిల్లు కూడా పోతుంది. సోలార్ పెట్టుకుంటాం అంటారా, 3 కిలోవాట్ల ప్యానెళ్లకి కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది, మంచి స్కీమే, కానీ రోజుకి వచ్చేది 12 యూనిట్లు అటూ ఇటుగా. 84 రావాలంటే 21 కిలోవాట్లు బిగించాలి, అంత మిద్దె ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

ఇప్పుడు ఆదాయం. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనింగ్‌కి ఇచ్చే కొత్త కాయిన్లు సగానికి తగ్గడం) తర్వాత ప్రపంచం మొత్తం మీద రోజుకి కొత్తగా పుట్టేవి సుమారు 450 కాయిన్లు. ప్రపంచంలోని మెషిన్లన్నీ కలిపిన నెట్‌వర్క్ స్పీడ్ 2025లో 1 జెట్టాహాష్ దాటింది, అంటే 100 కోట్ల టెరాహాష్, అందులో మన 200 ఎంత? 50 లక్షల్లో ఒక వంతు. పూల్‌లో, అంటే కలిసి మైనింగ్ చేసి వాటాలు పంచుకునే గుంపులో చేరితే రోజుకి 0.00009 కాయిన్, కాయిన్ 80 లక్షలు అనుకుంటే 720 రూపాయలు. యూనిట్ 8 రూపాయలైతే కరెంటుకే 672 పోతుంది, అమ్మేటప్పుడు 30 శాతం పన్ను, అందులో కరెంట్ ఖర్చు తగ్గించుకోనివ్వరు, అంటే 216 కట్టాలి, రోజూ మన జేబులోంచే పోతుంది. కరెంట్ నిజంగా ఫ్రీ అయినా మిగిలేది 504, దాంట్లోంచే లక్షలు పోసి కొన్న మెషిన్ డబ్బులు రావాలి, ఈలోపు కొత్త మెషిన్లు వచ్చేకొద్దీ మన వాటా తగ్గుతూనే ఉంటుంది.

వేడి సంగతి కూడా చెప్పాలి. లాగిన 3500 వాట్లూ వేడిగానే బయటికొస్తాయి, ఒక టన్ను ఏసీ లాగేసేది సరిగ్గా అంత వేడి. మే నెలలో విజయవాడలో మూసిన గదిలో పెట్టి చూడండి, పైగా మిక్సీ ఆపకుండా తిప్పినట్టు 24 గంటలూ ఆ సౌండ్.

ఇక బోరు కరెంట్. 5 హెచ్‌పీ మోటార్ కూడా ఇంచుమించు ఇంతే లాగుతుంది, ఎవరికి తెలుస్తుంది అంటున్నారు కొందరు. తమ్ముడూ, వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్‌ని ఇంకోదానికి వాడితే విద్యుత్ చట్టం 135 సెక్షన్ కింద దొంగతనమే, మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. అది కూడా పక్కన పెట్టండి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంతమంది రైతులుంటారో మీకు తెలుసు కదా, రాత్రీ పగలూ నీ మెషిన్ లాగి అది కాలిపోతే, బాగై వచ్చేలోపు ఎండేది చివరి పొలంలో వరి. నాకు ఇది అస్సలు నచ్చదు, గట్టిగానే చెప్తున్నా.

మరి ఎవరికి వర్కవుట్ అవుతోంది? భూటాన్‌లో ప్రభుత్వ సంస్థే జలవిద్యుత్‌తో చేస్తోంది. అమెరికాలోని టెక్సస్‌లో రయట్ అనే మైనింగ్ కంపెనీ 2023 ఆగస్టులో తవ్వింది 333 కాయిన్లు, కానీ ఎండలకి గ్రిడ్ మీద లోడ్ పెరిగినప్పుడు మెషిన్లు ఆపుకున్నందుకు దానికొచ్చిన పవర్ క్రెడిట్లు (కరెంట్ వాడనందుకు దక్కే సొమ్ము) 3 కోట్ల 17 లక్షల డాలర్లు, తవ్విన కాయిన్ల విలువ కన్నా ఎక్కువ! అలాంటి కాంట్రాక్ట్ మన ఇంటి మీటర్‌కి ఎవరిస్తారు?

మీ బిల్లు మీద కేటగిరీ, సాంక్షన్డ్ లోడ్ రాసుంటాయి, ఆ రెండూ కామెంట్‌లో పెట్టండి, కొనేముందు మీ లెక్క నేనే వేసి చెప్తా.