సబ్బు నురగకి సరైన గిన్నె

శ్రోతలకు నమస్కారం.

ముందు ఒక చప్పుడు గురించి చెబుతాను. సబ్బు పట్టించిన షేవింగ్ బ్రష్‌ని గిన్నెలో తిప్పడం మొదలుపెట్టగానే గరగరమని వినిపిస్తుంది. బ్రష్ కుచ్చు గిన్నె అడుగుకి రాసుకుంటున్న చప్పుడది. కాసేపటికి దానికి తోడు చిటచిటమని సన్నగా బుడగలు పగులుతుంటాయి. ఇంకో నిమిషం పోయాక రెండూ ఆగిపోతాయి. బ్రష్ తిరుగుతూనే ఉంటుంది గానీ చప్పుడుండదు. పొద్దున్నే కళ్లజోడు లేకుండా అద్దం ముందు నిలబడే మనిషిని నేను. అందుకని నురగ తయారైందన్న సంగతి నాకు ముందు చెవులే చెబుతాయి.

అసలు గడ్డం గీసుకోడానికి గిన్నె ఎందుకండీ అంటారా? లేకపోయినా జరుగుతుంది. సబ్బు పట్టిన బ్రష్‌ని నేరుగా చెంప మీద తిప్పుకుని నురగ చేసుకునేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. వాళ్లకి గిన్నె కొనే పనీ లేదు, కడిగే పనీ లేదు. నాది మాత్రం ఊరికే కందిపోయే చర్మం. బ్రష్‌తో మూడు నాలుగు నిమిషాలు రుద్దితే కత్తి పెట్టకముందే మొహం ఎర్రబడుతుంది. గిన్నెలో నురగ కట్టుకుంటే మొహానికి పూత వేసుకోవడమే మిగులుతుంది. పైగా ఒకసారి వెంట్రుక వాలుకి గీసి, రెండోసారి అడ్డంగానో ఎదురుగానో గీసేవాళ్లకి రెండో పూతకి సరిపడా నురగ గిన్నెలో ఎదురుచూస్తూ ఉంటుంది.

గిన్నె ఎంచడంలో మనం చేసే పొరపాటు, కంటికి నచ్చింది కొనెయ్యడం. నేనూ అదే చేశాను. ముదురు నీలం రంగు పింగాణీ గిన్నె. లోపల నున్నగా, బయట అంతకంటే నున్నగా, లైటు పడితే మెరిసిపోయేది. మూడో రోజు పొద్దున ఎడమచేత్తో పట్టుకుని తిప్పుతుంటే సబ్బునీళ్లు అంచు దాటి బయటికి కారాయి. అంతే, చేపపిల్లలా చేతిలోంచి జారి వాష్‌బేసిన్‌లో పడింది. గిన్నెకి అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది, బేసిన్‌కి మాత్రం జానెడు పొడుగున బీట పడింది. ఇంట్లోవాళ్లు ఆ గిన్నె పేరెత్తి ఇప్పటికీ నవ్వుతారు.

అప్పట్నుంచి ఏ గిన్నె చూసినా ముందు తిరగేస్తాను. సబ్బు అంటిన తడిచేతికి దాని బయటివైపు పట్టు దొరుకుతుందా? అడుగున కాస్త ఎత్తుగా పీట ఉంటే దాన్ని వేళ్ల మధ్య ఇరికించుకోవచ్చు. పక్కన బొటనవేలికి చిన్న గుంట ఉన్నా మేలే. పిడి ఉన్న మగ్గయితే ఆ పిడిలో కనీసం రెండు వేళ్లు దూరాలి, ఒక వేలు మీద తడిసిన మగ్గు నిలవదు. పింగాణీలోనే బయటివైపు మెరుపు పూత లేకుండా కాస్త గరుగ్గా వదిలేసినవి దొరుకుతాయి. చూపుకి అంత బాగుండవు, చేతికి మాత్రం అవే బాగుంటాయి. ఇక బరువు. మరీ తేలికదాన్ని గట్టు మీద పెట్టి తిప్పితే బ్రష్‌తోపాటు అదీ తిరుగుతుంది. అరకిలో దాటిందా, ఎడమచెయ్యి లాగుతుంది.

కొలతల విషయానికొస్తే, గిన్నె కొలత బ్రష్‌ని బట్టి ఉంటుంది. బ్రష్ కుచ్చు మొదట్లో మామూలుగా 20 నుంచి 26 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. తడిపి, కాస్త అదిమి తిప్పితే గొడుగులా విచ్చుకుని దానికి రెండింతలు అవుతుంది. అంత కుచ్చు గుండ్రంగా తిరగాలంటే చుట్టూ చోటుండాలి కదా. లోపలి వెడల్పు 10 నుంచి 13 సెంటీమీటర్లు, లోతు 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉన్నవి నా చేతికి కుదిరాయి. ఇరుకైన కప్పులో తిప్పితే వేళ్ల కణుపులు అంచుకి కొట్టుకుంటాయి. మరీ వెడల్పుదైతే నురగంతా గోడలకి పలచగా అంటుకుని ఆరిపోతుంది, మొహానికంటే గిన్నెకే ఎక్కువ పూసినట్టవుతుంది. ఇంకొక్కటి చూడండి. అడుగూ గోడా కలిసేచోట మూల ఉండకూడదు. ఆ మూలలోకి కుచ్చు వెళ్లదు, అక్కడ సబ్బు ముద్దలా నిలిచిపోతుంది. అడుగు గుండ్రంగా పైకి లేచి గోడలో కలిసిపోవాలి.

కొన్ని గిన్నెల లోపల అడుగున చక్రాల్లాగో సుడిలాగో గట్లుంటాయి, కొన్నింట్లో బొడిపెలుంటాయి. వీటి మీద చాలామందికి మోజు. నురగంటే ఏమిటి, సబ్బునీళ్ల సన్నటి పొరల మధ్య చిక్కుకున్న గాలి. ముందు పుట్టేవి పెద్ద బుడగలు, పగిలిపోయేవి. కుచ్చులోని వేల పోగులు వాటిని మళ్లీ మళ్లీ కోసి చిన్నవి చేస్తాయి. గట్లు ఆ పనికి రాపిడి కలిపిస్తాయి, అంతవరకు నిజమే. అయితే నురగ నిలబడటం సబ్బులో ఉంటుంది. ఒంటి సబ్బుతో నురగ చేసి చూడండి, బుసబుసమని లేచి క్షణంలో చల్లబడుతుంది. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, నురగ చిక్కగా ఎక్కువసేపు నిలిచేది దానివల్లే. సబ్బు మంచిదైతే నున్నటి గిన్నెలోనూ కడుతుంది, ఓ అరనిమిషం ఎక్కువ తిప్పుకోవాలంతే. గట్లున్నది తీసుకోదలిస్తే వేలితో తడిమి చూడండి. వాటి అంచులు మొద్దుగా ఉండాలి. పదునుగా ఉంటే కుచ్చు కొసలు తెగుతాయి, ముఖ్యంగా బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్‌లకి.

ఏ లోహం, ఏ మట్టి అన్నదానికి వేడి గురించి కాస్త మాట్లాడుకోవాలి. మందపాటి పింగాణీ వేడిని నిలుపుతుందని అందరూ అంటారు. నిలుపుతుంది, ముందు దానికి వేడి ఇస్తే! చలికాలం పొద్దున చల్లగా ఉన్న పింగాణీ గిన్నెలో నేరుగా నురగ చేస్తే, ఉన్న వేడంతా ముందు గిన్నే లాగేసుకుంటుంది. రెండు నిమిషాలు వేడినీళ్లు పోసి ఉంచి, ఆ నీళ్లు పారబోసి మొదలుపెట్టాలి. పల్చటి స్టీలు గిన్నె ఇట్టే వేడెక్కుతుంది, ఇట్టే చల్లారుతుంది. కానీ పడ్డా పగలదు. బేసిన్ బద్దలుకొట్టిన నాలాంటివాడికి అది చిన్న సుగుణం కాదు. చెక్క గిన్నె చేతికి వెచ్చగా, హాయిగా ఉంటుంది. రోజూ తడవడం, రోజూ ఆరడం దానికి పడదు, పూత లేచిన చోట పగుళ్లిస్తుంది. సిలికాన్ గిన్నె అందానికి సున్నా, పట్టుకి నూరు. ప్రయాణాల్లో నాకు అదే.

రాగి గిన్నె కొనాలనుకునేవాళ్లు లోపల కళాయి ఉందో లేదో చూసుకోండి. ఉత్త రాగికి సబ్బు తగిలితే కొన్నాళ్లకి పచ్చగా కిలుము పడుతుంది. అల్యూమినియం అయితే అసలు వద్దు. షేవింగ్ సబ్బు క్షారగుణం కలది, ఆ లోహానికి క్షారం గిట్టదు. మెరుపు పోయి మచ్చలు పడతాయి.

రెండు గోడల మధ్య వేడినీళ్లు పోసుకునే గిన్నెలు కూడా ఉన్నాయి. చివరిదాకా నురగ వెచ్చగానే ఉంటుంది. ఇక పాతకాలం మగ్గుల సంగతి. ఒకప్పుడు అమెరికాలో మంగలి షాపుల్లో వాడుకగా వచ్చేవాళ్లకి ఎవరి నురగ మగ్గు వాళ్లకుండేది. దానిమీద బంగారు అక్షరాలతో మనిషి పేరు, కొన్నిటి మీద అతను చేసే పని బొమ్మ. రైలు నడిపేవాడికి రైలింజను, బట్టలు కుట్టేవాడికి కత్తెర. గోడకున్న అరల్లో వరసగా పెట్టేవాళ్లు. 1903లో జిల్లెట్ సేఫ్టీ రేజర్ అమ్మకానికి వచ్చాక జనం ఇంట్లోనే గీసుకోవడం పెరిగి, ఆ మగ్గులు మెల్లగా పాతవస్తువులైపోయాయి. పాతవి కొని వాడదామనుకుంటే వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే సరే. డబ్‌మని మూగగా పలికితే కంటికి కనిపించని పగులు ఉండొచ్చు, వేడినీళ్లు పొయ్యగానే బయటపడుతుంది.

నురగ సరిగా రావడం లేదని గిన్నెలు మార్చేసేవాళ్లని చూశాను. చాలాసార్లు తప్పు నీళ్లది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలంలో సబ్బు తెట్టు కట్టి, నురగకి మిగలదు. డిస్టిల్డ్ వాటర్‌తో ఒక్కరోజు ప్రయత్నించండి. నురగ ఒక్కసారిగా చిక్కబడితే గిన్నె మీద కోపం తగ్గించుకుని కొంచెం సబ్బు పెంచుకోండి. నీళ్లు ఒకేసారి పోసెయ్యకుండా చెంచాలో సగం చొప్పున వేస్తూ తిప్పాలి. నురగని రెండు వేళ్ల మధ్య రుద్దితే జారాలి. జిగటగా పట్టుకుంటే ఇంకాస్త నీళ్లు కావాలన్నమాట.

కొత్తది కొనేముందు ఇంట్లో ఎవరూ వాడని గిన్నె ఏదైనా ఉంటే ఓ వారం దాన్ని వాడండి. వేళ్లు ఎక్కడ కొట్టుకుంటున్నాయో, ఎక్కడ జారుతోందో తెలుస్తుంది. తర్వాత షాపుకెళ్లేటప్పుడు బ్రష్ జేబులో వేసుకెళ్లండి. నేను అలాగే వెళ్లాను. ఒక్కో గిన్నెనీ ఎడమచేతిలోకి తీసుకుని, పొడి బ్రష్‌ని లోపల గుండ్రంగా తిప్పి, చెయ్యి తడుపుకుని మళ్లీ పట్టుకుని చూశాను. కౌంటర్‌లో అబ్బాయి కాసేపు చూసి, "సార్, సబ్బు కూడా తెచ్చుకోకపోయారా?" అన్నాడు. తొమ్మిదో గిన్నె కుదిరింది. బూడిదరంగు, బయటంతా గరుకు, చూడ్డానికి ఏమంత బాగుండదు.

నమస్కారం.