ఐపీ అడ్రసుకు ఊరు చెప్పే టూల్

సభాధ్యక్షులకు, తోటి ఇంజినీర్లకు, విద్యార్థులకు నమస్కారం. సమయం తక్కువ కనుక నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయంలోకి వస్తాను.

టూళ్లు వాడుతూ తమంతట తామే పనులు చేసే ఏఐ ఏజెంట్ల కోసం ఐపీ జియోలొకేషన్ టూల్‌ను, అంటే ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే ఐపీ అడ్రసును బట్టి అది ఎక్కడుందో చెప్పే టూల్‌ను, ఎలా నిర్మించాలో చెప్పమని నన్ను పిలిచారు. నిర్మాణం గురించి చెప్పవలసింది నిజానికి కొంచెమే. టూల్‌కు ఒక పేరు పెట్టి, అది ఏమి చేస్తుందో రెండు వాక్యాల్లో వివరించి, ఐపీ అడ్రసు అనే ఒక్క ఇన్‌పుట్ తీసుకుని, దేశం, నగరం, అక్షాంశ రేఖాంశాలు, టైమ్ జోన్, నెట్‌వర్క్ సంస్థ పేరు తిరిగి ఇస్తాం. 2024 నవంబరులో, ఏజెంట్లకు టూళ్లను కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చాక, ఒకసారి రాసిన టూల్‌ను ఆ ప్రోటోకాల్ తెలిసిన ఏ ఏజెంటుకైనా అందించవచ్చు. ఒక పూటలో అయ్యే పని ఇది. ఆ జవాబును చేతికందుకున్న ఏజెంటు దానితో ఏమి చేస్తుందన్నదే నన్ను చాలాకాలంగా వేధిస్తున్న సంగతి.

ఐపీ అడ్రసులో ఊరి పేరు ఎక్కడా ఉండదు. పాత రకమైన ఐపీవీ4 అడ్రసు 32 బిట్ల సంఖ్య. అన్నీ కలిపితే సుమారు 429 కోట్లు. ప్రపంచం మొత్తానికి అడ్రసుల పంపిణీ చూసే ఐయానా వాటిని ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు పంచితే, అవి నెట్‌వర్క్ సంస్థలకు కేటాయించాయి. రిజిస్ట్రీలో కనిపించేది ఆ సంస్థ వివరమే తప్ప, అడ్రసు వాడుతున్న మనిషి కూర్చున్న చోటు కాదు. 2011 ఫిబ్రవరిలో ఐయానా దగ్గర ఖాళీ అడ్రసులు నిండుకున్నాయి. ఈ కొరత వల్లే ఒకే అడ్రసు వెనుక ఎందరో మొబైల్ వినియోగదారులు ఉండటం మామూలైంది. రిజిస్ట్రీ వివరాలు, నెట్‌వర్క్ ఆలస్యం కొలతలు, తమ అడ్రసులు ఏ ఊరివో సంస్థలు తామే ప్రకటించే జాబితాలైన జియోఫీడ్‌లు కలిపి డేటాబేసులు ఒక అంచనా కడతాయి. ఆ అంచనా దేశం వరకు చాలాసార్లు నిలబడుతుంది, నగరం దగ్గర తరచు తడబడుతుంది.

ఇక మా ఏజెంటు సంగతి చెప్పాలి. ఖాతాల భద్రత చూసేందుకు దాన్ని తయారుచేసి, ఈ టూల్‌ను దానికి ఇచ్చాం. ఒక వినియోగదారురాలు మొబైల్ డేటాతో లాగిన్ అయినప్పుడు టూల్ ఒక నగరం పేరు చెప్పింది. అరగంట తరువాత, ఆమె ఇంటి నుంచి కదలకుండానే, వందల కిలోమీటర్ల దూరంలోని మరో నగరం పేరు చెప్పింది. ఇంత తక్కువ సమయంలో అంత దూరం ప్రయాణించడం అసాధ్యమని ఏజెంటు ఆమె ఖాతాను మూసివేసింది. తాను ఎక్కడికీ వెళ్లలేదని ఆమె మూడుసార్లు రాశారు. మూడుసార్లూ ఏజెంటు నాలుగు దశాంశ స్థానాల అక్షాంశ రేఖాంశాలు చూపి, మర్యాదగా, ఆమె చెప్పినదాన్ని కాదన్నది.

తరువాత రికార్డు తీసి చూశాను. ఆ రెండు అంచనాల పక్కనా కచ్చితత్వ పరిధి, అంటే అసలు చోటు ఆ బిందువు చుట్టూ ఎంత దూరంలోపు ఉండవచ్చన్న లెక్క, 500 కిలోమీటర్లని డేటాబేసులో స్పష్టంగా ఉంది. రెండు వృత్తాలూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయి, ఆమె ఇల్లు రెండింటి లోపలా ఉంది. జవాబు చిన్నదైతే టోకెన్లు, అంటే ఏజెంటు చదివే మాటల ముక్కలు, ఆదా అవుతాయని ఆ ఫీల్డును తీసివేసింది నేనే. మనిషి మ్యాపు చూసి అనుమానపడగలడు. మేము ఇవ్వని అనుమానం ఆ ఏజెంటుకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది మా ఒక్కరి పొరపాటు కాదు. అమెరికాలో, దేశం తప్ప మరేమీ తెలియని అడ్రసులకు ఒక డేటాబేసు 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అని జవాబిచ్చేది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం ఇంటి దగ్గర పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ ఇంటి లెక్కలో చేరాయి; పోలీసులు, మోసపోయినవాళ్లు ఏళ్ల తరబడి ఆ గుమ్మంలోకి వచ్చారు. 2016లో సంగతి బయటపడ్డాక ఆ బిందువును నీటి మధ్యకు మార్చారు. తెలియదని చెప్పవలసిన చోట ఒక సంఖ్య ఇచ్చినందుకు ఇంత జరిగింది.

మీలో ఎవరైనా ఇలాంటి టూల్ నడుపుతున్నారా? దయచేసి ఈ రోజే దానికి 10.0.0.1 ఇచ్చి చూడండి. అది ప్రైవేటు అడ్రసు, దానికి ఊరు లేదు. అయినా ఊరి పేరు వస్తే వెంటనే ఆపండి. తరువాత ఏ అడ్రసూ ఇవ్వకుండా పిలవండి. వినియోగదారుడి స్థానమంటూ మీ సర్వరున్న డేటా సెంటర్ ఊరిని చెబుతుంటే, ఆ ఏజెంటు వేల మందిని ఒకే భవనంలో కూర్చోబెడుతోందన్నమాట.

మా టూల్ ఇప్పుడు పరిధిని ముందు చెప్పి, ఆ తరువాతే నగరం పేరు చెబుతుంది. పరిధి 100 కిలోమీటర్లు దాటితే నగరం పేరు ఇవ్వదు. ఈ జవాబు ఒక్కదాని ఆధారంగా ఎవరి ఖాతానూ మూయవద్దని టూల్ వివరణలోనే రాశాం. ఆమె ఖాతాను మాత్రం మేమే స్వయంగా తెరిచాం, పదకొండో రోజున.