కుక్కర్ కూత

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో పదకొండు నెలలు కుక్కర్ పొయ్యి మీదికి ఎక్కలేదు. అన్నం గిన్నెలో వండి గంజి వార్చేదాన్ని. కందిపప్పు పొద్దున్నే నానబోసుకునేదాన్ని. గంజి వార్చిన అన్నం ఒంటికి మంచిదని మా అత్తయ్య తెగ సంతోషించింది. అసలు సంగతి ఆవిడకు తెలియదు. కుక్కర్ కూత వేస్తే మా ఆయన ఎక్కడున్నవారు అక్కడే బిగుసుకుపోయేవారు.

ఆయన రైలు డ్రైవరు. లోకో పైలట్ అనాలిట ఇప్పుడు, మా కాలనీలో మాత్రం డ్రైవరనే అంటాం. మూడేళ్ల కిందట బాపట్ల దాటాక, తెల్లారగట్ల, నెత్తిన గడ్డిమోపుతో ఒక పెద్దాయన పట్టాలు దాటుతూ కనిపించాడు. మా ఆయన హారన్ కొట్టారు, ఎమర్జెన్సీ బ్రేకు వేశారు. వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి నిలబడాలంటే దాదాపు కిలోమీటరు కావాలి. ఆ మనిషి అంత దూరంలో లేడు. హారన్ విని తల తిప్పి చూశాట్ట. మిగతాది నేను చెప్పను.

తోటి డ్రైవర్లు ఇంటికొచ్చి "నాకూ అయింది, నాకూ అయింది" అని చెప్పి వెళ్లారు. ఓదార్చడానికే అన్నారు పాపం. నాకు మాత్రం, వీళ్లంతా రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నారా అనిపించింది.

మొదట్లో నిద్ర పోయింది. తర్వాత నిద్రలో కేకలు. స్టేషను వైపు వెళ్లాల్సి వస్తే ఊరంతా చుట్టి వెళ్లేవారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, పాప గ్లాసు కింద పడేస్తే గయ్‌మన్నారు. ఇంకో మూడు నెలలకు ఆ కోపం కూడా లేదు. గోడ వైపు తిరిగి పడుకోవడం, తిన్నారా అంటే తిన్నాననడం. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. తాయెత్తు నేనూ కట్టించాను, దాచడమెందుకు. "మగాడికి డిప్రెషనేంటే" అన్న బంధువులూ ఉన్నారు. నన్ను ఆస్పత్రికి వెళ్లనివ్వకుండా ఆపింది తాయెత్తు కాదు, ఆ ఒక్క మాటే.

ఇందులో రెండు జబ్బులున్నాయన్నారు మానసిక వైద్యుడు. ఒకటి భయంకరమైన ఘటన తర్వాత పట్టుకునేది, పీటీఎస్‌డీ. రెండోది డిప్రెషన్. మొదటిది ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి రెండోదీ ఉంటుందిట. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వణుకుతూ తిరిగొచ్చిన సైనికుల గురించి 1915లోనే చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు రాశాడు. అయినా అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ జబ్బుకు ఇప్పటి పేరు పెట్టి తన జాబితాలో చేర్చడానికి 1980 దాకా పట్టింది. పిరికితనం అనుకుంటూ ఎంతమందిని ఎన్నేళ్లు తిట్టిపోశారో! ఆ రోజు డాక్టరు ముందు మా ఆయన ఒకే మాట అన్నారు: "రైలు వెళ్లిపోయింది సార్, గేటే తెరుచుకోవట్లేదు."

మాత్రలు మొదలుపెట్టారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పదో రోజున నేనే మాన్పించేదాన్ని. మూడో నెలలో బాగుందని ఆయనే ఆపేశారు. కళ్లు తిరగడం, చిరాకు, మళ్లీ నిద్ర లేకపోవడం. డాక్టరుకు చెప్పకుండా ఆపకండి, అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

పీడకల వస్తే పట్టుకుని కుదపొద్దన్నారు. కొంచెం దూరం నుంచి దీపం వేసి, పేరు పెట్టి పిలిచి, ఇది ఇల్లు, నేను ఫలానా అని చెప్పమన్నారు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు! మొదటి రాత్రి నా నోట్లోంచి "ఏమండీ" అనే వచ్చింది, పని చేయలేదు. రెండో రాత్రి పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచారు. మర్నాడు కాఫీ తాగుతూ, "రాత్రి ఎవరో మా అమ్మలా పిలిచారు" అని నవ్వారు. ఎన్ని నెలలకో నవ్వడం.

ఇంకో సంగతి కష్టమైనది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమన్నారు డాక్టరు. అడిగితే లేని ఆలోచన పుట్టదని చెప్పారు. అయినా నా నోరు పెగలడానికి వారం పట్టింది. "చావాలని లేదు, పొద్దున లేవకపోతే బావుండనిపిస్తోంది" అన్నారు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేశాను, మాత్రలు నా బీరువాలోకి వెళ్లాయి. మీ ఇంట్లో ఇలాంటి మాట వినిపిస్తే, డాక్టరు దొరకకపోయినా, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరుంది: 14416. మళ్లీ చెప్తున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక కుక్కర్ దగ్గరికి వస్తాను. కుక్కర్ మానేశాను, ఫోన్ రింగు ఆపేశాను, చుట్టాలను రావొద్దన్నాను, స్టేషను పేరు ఎత్తనిచ్చేదాన్ని కాదు. ఇదంతా సేవ అనుకున్నాను. కౌన్సెలింగ్ చేసే ఆవిడ విని, "అమ్మా, మీరు ఆయనకు తోడున్నారా, భయానికి తోడున్నారా?" అంది. నాకు కోపం వచ్చింది. పదకొండు నెలలు గంజి వార్చినదాన్ని కదా!

ఆవిడన్నది నిజమే. తప్పించుకున్న ప్రతిసారీ అది నిజంగానే ప్రమాదమని మనసు నమ్ముతుంది. ఇల్లంతా కలిసి తప్పిస్తే మరీ నమ్ముతుంది. కాండిస్ మాన్సన్, స్టెఫనీ ఫ్రెడ్‌మన్ అనే మనస్తత్వ నిపుణులు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చేసే చికిత్సే ఒకటి తయారు చేశారట, 15 విడతలది. మాకు అది అందలేదు గానీ, దారి అదే. బలవంతం లేదు, ఆయన ఒప్పుకున్న మేరకే. ముందు ఖాళీ కుక్కర్ గట్టు మీద పెట్టాం, వారం ఊరికే. తర్వాత స్టవ్ నాబ్ ఆయన చేతిలో, ఒక్క కూత, కట్టేయడం. చెమటలు పట్టేవి. చేయి పట్టుకుని నిలబడ్డాను, కట్టేయమని మాత్రం నేను అనలేదు.

గోడ వైపు తిరిగి పడుకోవడానికి పెద్ద మందేం లేదు, చిన్న పనులే. "సరదాగా బయటికెళ్దాం రండి" అంటే లేచేవారు కాదు. పాల ప్యాకెట్ తేవడం మాత్రం ఆయన పనే అన్నాం. తేని రోజు అందరం నల్ల టీ తాగాం, ఏమీ అనలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఒక దశలో నేనే పాపను కొట్టాను. అప్పట్నుంచి గురువారం సాయంత్రం మా చెల్లి వస్తుంది, నేను ఇంట్లో ఉండను. కృష్ణ ఒడ్డున కూర్చుని మరమరాలు తిని వస్తాను. ఎవరేమన్నా సరే.

ఆయన ఇప్పుడు షెడ్డులో పని చేస్తున్నారు. మళ్లీ బండి ఎక్కుతారో లేదో నేను అడగడం లేదు. రాత్రిళ్లు ఇంకా లేస్తారు, అప్పుడప్పుడు. మొన్న ఆదివారం పప్పు పెట్టాను. రెండో కూత రాగానే అలవాటుగా స్టవ్ దగ్గరికి పరిగెత్తాను.

"ఆగవే, ఇంకొకటి రావాలి" అన్నారు హాల్లోంచి.